చార్మినార్ రూపాయి ధర ఎవరు చెప్పాలి?

ఇవాళ్టి ఎపిసోడ్ సుబేదారి నుంచే మొదలుపెడదాం. అదాలత్ దగ్గర్నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచే వాళ్లకి ఈ ఏరియా పేరు నోట్లో నానిపోయి ఉంటుంది. కానీ సుబేదారి అంటే ఏంటి అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. నిజాం రాజ్యాన్ని నాలుగు సుబాలుగా పాలించేవాళ్లు. వరంగల్, మెదక్, గుల్బర్గా, ఔరంగాబాద్. ఒక్కో సుబాకి పెద్ద సుబేదార్. వరంగల్ సుబేదార్ ఉన్న చోటు కాబట్టి ఇది సుబేదారి అయింది. 1886లో పునాది పడిన ఆ పాత బంగళా, తర్వాత కలెక్టర్ క్యాంపు ఆఫీసుగా మనందరికీ తెలిసిన బిల్డింగే.

ఆ సుబేదార్ ఆఫీసులో జమ అయిన శిస్తు, గుమాస్తాల జీతాలు, బయట అంగట్లో బియ్యం బేరం, అన్నీ ఒక నాణెం మీద నడిచాయి. దాని పేరు హాలీ సిక్కా. మధ్యలో చార్మినార్ బొమ్మ ఉండే వెండి రూపాయి. ఇవాళ నేను చెప్పేది ఆ రూపాయి కథ. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని చివర్లో దాచిపెట్టకుండా ముందే చెప్పేస్తాను.

2012. నేను డిగ్రీలో ఉన్నా. పాత నాణేలు పోగేసే పిచ్చి అప్పుడప్పుడే పట్టింది. మా వీధిలో ఆకుకూరలు అమ్మే ఒక పెద్దమ్మ ఉండేది. నా పిచ్చి చూసి ఒకరోజు కొంగు ముడి విప్పి మూడు చార్మినార్ రూపాయలు చూపించింది. "మా అత్త ఇచ్చింది బిడ్డా, కొంటవా?" అంది. నేను నాణెం అటూ ఇటూ తిప్పి, కంసాలి భాషలో మాట్లాడాను. వెండి ఇంత ఉంటుంది, తరుగు ఇంత పోతుంది, ఒక్కోటి నాలుగు వందలు. ఆమె ఒప్పుకుంది. మూడు కలిపి పన్నెండు వందలు.

నాకు అప్పటికే ఒక విషయం తెలుసు, ఆమెకు తెలియదు. ఆ మూడింట్లో ఒకదాని మీద చార్మినార్ గుమ్మంలో ఉన్న అక్షరం వేరు. ఆ ఒక్క నాణేన్ని నెల తిరక్కుండా హైదరాబాద్‌లో ఇరవై రెండు వందలకు అమ్మేశాను. ఆ రోజు నాకు అది తెలివి అనిపించింది. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రాదు.

ఇంతకీ ఆ అక్షరం కథేంటి?

చార్మినార్ బొమ్మతో నాణేలు మొదలైంది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903-04 ప్రాంతంలో. అంతకుముందు నాణేలు ఎక్కువగా చేత్తో అచ్చు కొట్టినవి. మూల ఒకటి అరిగి, అక్షరం సగం తెగి ఉండేవి. సైఫాబాద్‌లో టంకశాల పెట్టి, మెషీన్ల మీద గుండ్రంగా, నీటుగా కొట్టడం మొదలుపెట్టాక, మధ్యలో చార్మినార్ వచ్చింది. ఆ చార్మినార్ గుమ్మంలో చీమంత ఉర్దూ అక్షరం ఒకటి పెట్టారు. మహబూబ్ పేరులోని మొదటి అక్షరం 'మీమ్'. 1911 ఆగస్టులో ఆయన పోయి, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక ఆ గుమ్మంలోకి 'ఐన్' వచ్చింది. ఉస్మాన్ పేరు ఉర్దూలో ఆ అక్షరంతోనే మొదలవుతుంది. రాజు మారాడన్న వార్త మొత్తం ఆ చిన్న గుమ్మంలో ఉంది.

ఉస్మాన్ అలీ ఖాన్ ఎక్కువ ఏళ్లు ఏలాడు కాబట్టి 'ఐన్' నాణేలు ఎక్కువ దొరుకుతాయి. మహబూబ్ కాలపు చార్మినార్ నాణేలు ఏడెనిమిదేళ్లవే కాబట్టి తక్కువ. అంతే లెక్క. బరువు ఒకటే, ధర మాత్రం వేరు. ఇంకో మాట. అప్పటి కాగితం నోట్ల మీద విలువ ఉర్దూతో పాటు తెలుగులో, మరాఠీలో, కన్నడలో, ఇంగ్లిష్‌లో కూడా ఉండేది. నాణెం మీద అది లేదు. తరతరాలు ఆ రూపాయిని కొంగున ముడేసుకున్న ఇంటివాళ్లకి దాని మీద ఏం రాసుందో చదవడం రాదు. నాకూ రాదు, పుస్తకంలో బొమ్మలు చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నా. ఆ పెద్దమ్మకీ నాకూ మధ్య తేడా ఆ ఒక్క పుస్తకం.

ఇప్పుడు హాలీ సిక్కా విలువ లెక్క చూద్దాం. ఇది మీకు బాగా నచ్చుతుంది.

మన దగ్గర అప్పుడు రెండు రూపాయలు నడిచేవి. ఒకటి నిజాం హాలీ. రెండోది బ్రిటిష్ వాళ్ల రూపాయి, దాన్ని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్‌లు. మీ ఇంట్లో తాతయ్యలు ఉంటే అడగండి, కల్దార్ అనే మాట వాళ్ల పెద్దల నోట విని ఉంటారు. మరి ఈ ఏడుకి ఆరు ఎక్కడిది? ఎవరో ఆఫీసులో కూర్చుని ఊరికే పెట్టిన రేటు కాదది. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే తొమ్మిది గ్రాముల పైచిలుకు వెండి. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే 10.69 గ్రాముల వెండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 0.855 వస్తుంది. ఆరుని ఏడుతో భాగిస్తే 0.857. చూశారా? రేటు లోహంలోనే ఉంది. ఎవరు తూచినా అదే లెక్క వస్తుంది కాబట్టి వరంగల్ అంగట్లో సేటుకి ఎంత తెలుసో, పత్తి అమ్మడానికి వచ్చిన రైతుకి కూడా అంతే తెలిసే వీలుంది.

1948లో పోలీస్ యాక్షన్. 1950 జనవరి 26 తర్వాత భారత రూపాయి ఇక్కడ కూడా అధికారిక డబ్బు. అయినా కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 1959లో హాలీ పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజు నుంచి హాలీ రూపాయికి రెండే విలువలు మిగిలాయి. ఒకటి వెండి విలువ. రెండోది, ఎవరైనా దాన్ని దాచుకోవాలని కోరుకుంటే వచ్చే విలువ. మొదటిది తక్కెడ చెబుతుంది. రెండోది చెప్పడానికి తక్కెడ లేదు. మోసానికి చోటు దొరికేది అక్కడే.

కొంచెం బయటి ప్రపంచం వైపు వెళ్లొద్దాం. అమెరికాలో లాస్‌వెగాస్ ఉంది కదా, సినిమాల్లో చూస్తుంటాం. అక్కడి కాసినోల్లో డబ్బు బదులు రంగురంగుల బిళ్లలు ఇస్తారు. చిప్స్. అయిదు డాలర్ల చిప్, వంద డాలర్ల చిప్. కాసినో గేటు దాటితే అది ఉత్త బిళ్ల, లోపలే దానికి విలువ. ఒక కాసినో మూతపడితే చిప్స్ వెనక్కి తీసుకుని నాశనం చేస్తారు. ఎవరి జేబులోనో మిగిలిపోయినవి అరుదైపోతాయి. వాటిని పోగేసే వాళ్లు వేలల్లో ఉన్నారు, 1988లో వాళ్లకంటూ ఒక క్లబ్ కూడా పుట్టింది.

కాసినోల వాళ్లు దీన్ని గమనించారు. చిప్ తయారీకి అయ్యే ఖర్చు కొంచెమే. ఎవరైనా అయిదు డాలర్లకు దాన్ని కొని, ఆడకుండా ఇంటికి పట్టుకెళ్తే మిగతాదంతా కాసినోకి లాభం. అందుకని పోగేసేవాళ్ల కోసమే ప్రత్యేకం అని చెప్పి, ఇన్ని వందలే చేశాం అని నంబర్ చెప్పి చిప్స్ వదలడం మొదలుపెట్టారు. పాత చిప్ అరుదవడానికి కాలం కారణం. కొత్త చిప్ అరుదవడానికి కంపెనీ కారణం. రెండూ అల్మారాలో పక్కపక్కన పెడితే ఒకేలా మెరుస్తాయి, కానీ రెండూ ఒకటి కాదు. రెండో రకంలో ఎన్ని చేయాలో, ముందు ఎవరికి అమ్మాలో తేల్చేది ఒక్కడే. వాడు మాట మీద నిలబడితేనే కొన్నవాడికి న్యాయం.

మన దగ్గర కాసినోలు లేవు, జూదం మీద నిషేధం ఉంది. కానీ ఈ రెండో రకం కొరతని మనం 2023లో కళ్లారా చూశాం. ఎన్టీఆర్ శతజయంతి నాణెం గుర్తుందా? ఆ ఏడాది ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. ముఖవిలువ వంద రూపాయలు. 44 మిల్లీమీటర్ల బిళ్ల, సగం వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. కొట్టింది మన హైదరాబాద్ టంకశాలే. అమ్మిన ధర మాత్రం నాలుగు వేల పైచిలుకు. ఆ నాణెం పెట్టి కిరాణాకొట్లో సబ్బు కొనడానికి ఎవరూ వెళ్లరు, అది చలామణీకి వదిలింది కూడా కాదు. అమ్మకాలు మొదలైన రోజు చర్లపల్లి దగ్గర, సైఫాబాద్ మింట్ మ్యూజియం దగ్గర జనం బారులు తీరారు. ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. తొలి విడతవి చూస్తుండగానే అయిపోయాయి.

అయితే అక్కడ టంకశాల ఏం చేసింది? డిమాండ్ చూసి మళ్లీ కొట్టింది. దీన్ని ఎలా చూడాలి? మొదటి రోజు క్యూలో నిలబడి, "ఇక దొరకదు" అనుకుని కొన్నవాడికి కొంచెం చివుక్కుమంటుంది. పని మానుకుని హైదరాబాద్ రాలేని మహబూబాబాద్ అభిమానికి మాత్రం అది న్యాయం. నన్నడిగితే రెండోవాడి పక్షమే. ప్రభుత్వ టంకశాల కొరతని పుట్టించి అమ్మకూడదు. ఎన్ని కొట్టిందో చెప్పాలి, అడిగినవాళ్లకి అందేలా చూడాలి. రీసేల్ చేసుకునేవాడి లాభాన్ని కాపాడటం దాని పని కాదు.

ఇక మూడో రకం కొరత ఉంది. అసలు లేని కొరత. మీ ఫోన్‌లోకి రోజూ వస్తుంది. "మీ దగ్గర వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ల ఉందా? పది లక్షలు!" అని. ఆ బిళ్ల 2012లో వైష్ణోదేవి ఆలయ బోర్డు ఇరవై అయిదేళ్ల సందర్భంగా వచ్చింది, మామూలుగా చలామణీకి వదిలారు. బస్ కండక్టర్ చిల్లరలో నాకే ఎన్నోసార్లు వచ్చింది. ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అరుదు అని ఇంకో వీడియో. ఆ నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు, అంతే. ముంబైకి డైమండ్ గుర్తు, నోయిడాకి చుక్క, కోల్‌కతాకి ఏ గుర్తూ ఉండదు. మన ఊరి చిల్లరలో మన టంకశాల నాణెం దొరకడంలో వింతేముంది? నోటు నంబర్ మధ్యలో నక్షత్రం ఉంటే దొంగనోటు అని కొందరు, లక్షలు అని కొందరు. కట్టలో ఒక నోటు ప్రింట్ చెడిపోతే దాని బదులు పెట్టే నోటు అది. చెల్లుబాటు అవుతుందని రిజర్వ్ బ్యాంక్ 2023 జులైలో స్పష్టంగా చెప్పింది.

ఈ వీడియోల వెనక ఏం జరుగుతుందంటే, ఫోన్ చేసిన వాళ్లని "మీ నాణెం ఓకే అయింది, ముందు జీఎస్టీ కట్టండి, కమిషన్ కట్టండి" అంటారు. రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో కూడా వాడేస్తారు. 2021 ఆగస్టు 4న ఆ బ్యాంకే ఒక ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడంలో తమకి ఏ సంబంధమూ లేదు, తాము ఎవరి దగ్గరా ఇలాంటి ఛార్జీలు అడగం అని. కొనేవాడు అమ్మేవాడికి డబ్బులివ్వాలి. అమ్మేవాడే ముందు డబ్బు కట్టాలంటే అది బేరం కాదు. ఈ ఒక్క ముక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి చాలు.

ఇప్పుడు అసలు సంగతి. నాణెం విలువ అంటే డబ్బు విలువ ఒక్కటేనా? దీనికి జవాబు మనకి దగ్గర్లోనే ఉంది, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోటు. వానలు పడి మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా అక్కడ చిన్న చిన్న నాణేలు బయటపడేవి. సీసం, రాగి, మిశ్రమ లోహం బిళ్లలు. కంసాలి దగ్గరికి తీసుకెళ్తే టీ డబ్బులు కూడా రావు. పోస్టల్ శాఖలో పనిచేసిన సంగనభట్ల నరహరిశర్మ గారు వాటిని ఓపిగ్గా సేకరించారు. సేకరించి బీరువాలో పెట్టి తాళం వేసుకోలేదు. శాసనాలు చదవడంలో ఉద్దండుడైన పరబ్రహ్మశాస్త్రి గారికి చూపించారు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో పేర్లు ఉన్నాయి. గోబద, నారన, కంవాయ, సమగోప. ఏ పురాణంలోనూ, ఏ పుస్తకంలోనూ లేని రాజులు. వాళ్లతో పాటు చిముక, అంటే శాతవాహనుల మొదటి రాజు పేరున్న నాణేలు కూడా అక్కడే దొరికాయి. తర్వాత పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వకాలు చేసింది. శాతవాహనుల కంటే ముందు తెలంగాణ గడ్డ మీద సొంత నాణేలు వేసుకున్న రాజులు ఉన్నారన్న మాట, ఆ టీ డబ్బులు రాని బిళ్లల వల్లే తెలిసింది.

అదే నాణేన్ని ఎక్కడ దొరికిందో చెప్పకుండా చేతులు మార్చి ఉంటే? నాణెం ఉంటుంది, కథ పోతుంది. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లొచ్చాక ఆ చోటులో కొంత మునిగింది కూడా. మళ్లీ వెళ్లి వెతుకుదామన్నా వీలు లేదు.

మరి దొరికినవాళ్లు ఎందుకు చెప్పరు? ఇక్కడ తప్పంతా జనం మీద వేయడం అన్యాయం. బ్రిటిష్ కాలంలో, 1878లో, భూమిలో దొరికే నిధుల మీద ఒక చట్టం వచ్చింది. పది రూపాయల కంటే ఎక్కువ విలువైనది దొరికితే కలెక్టర్‌కి చెప్పాలి, చెప్పకపోతే శిక్ష. సొంతదారు ఎవరూ లేరని తేలితే దొరికినవాడికి ముప్పావు, భూమి ఆసామికి పావు. వినడానికి బాగుంది. కానీ ప్రభుత్వం తనకే కావాలనుకుంటే ఎంత ఇవ్వాలి? లోహం విలువ, దానిపైన ఐదో వంతు. అంటే తక్కెడ ధర మీద ఇరవై శాతం. బంగారం అయితే సరే. కోటిలింగాల సీసం బిళ్లకి ఈ లెక్కన ఏం వస్తుంది? ఐదారు గ్రాముల సీసం ధర, దాని మీద ఐదో వంతు. దళారీ ఆ లెక్క కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాడు. నిజాయితీగా కలెక్టరాఫీసుకి వచ్చినవాడు నష్టపోయేలా చట్టం రాసి, జనంలో నిజాయితీ లేదు అనడం కుదరదు. చరిత్ర విలువ కూడా కలిపి లెక్కకట్టి ఇస్తే, ఎన్నో నాణేలు కరగబెట్టకుండా మ్యూజియానికి చేరేవని నా నమ్మకం.

ఇది చెబుతున్నప్పుడు నాకే నవ్వొస్తుంది. ఆ చట్టం కనీసం లోహం ధరకి ఐదో వంతు కలిపి ఇమ్మంటోంది. నేను ఆ పెద్దమ్మకి లోహం ధర కూడా పూర్తిగా ఇవ్వలేదు, తరుగు పేరుతో కోశాను. చట్టాన్ని తిట్టే ముందు నా లెక్క సరిచూసుకోవాలి కదా.

కొందరు ఫ్రెండ్స్ అంటారు, "వ్యాపారం అంటే అంతే, తెలిసినవాడు గెలుస్తాడు" అని. ఇద్దరు వ్యాపారులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ మాట ఒప్పుకుంటా. నాణేల సంతలో నేను ఒక డీలర్ టేబుల్ మీద చవగ్గా మంచి నాణెం పట్టుకుంటే అది నా చదువుకి వచ్చిన ఫలితం, అతని పని అతను చూసుకోవాలి. కానీ ఆ పెద్దమ్మ నన్ను కొనేవాడిగా అడగలేదు. "ఎంత ఉంటది బిడ్డా?" అని అడిగింది. నన్ను తెలిసినవాడిగా అడిగింది. ధర చెప్పేవాడూ నేనే, కొనేవాడూ నేనే అయినప్పుడు పూర్తి నిజం చెప్పాల్సిన బాధ్యత కూడా నా మీదే పడుతుంది.

ఏడాది దాటాక, ఆ విషయం మనసులో తొలుస్తుంటే, మిగతా రెండు నాణేలు, అమ్మిన దాని మీద వచ్చిన పద్దెనిమిది వందలు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పైసలు లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది. రెండు నాణేల్లో ఒకటి తీసుకుని, ఒకటి నాకే వదిలేసింది. "గప్పుడే జెప్తె ఏం బోతుండె బిడ్డా?" అంది. కోపంగా అనలేదు. నా దగ్గర దానికి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ మూడో నాణెం మళ్లీ దొరకలేదు. ఎవరి ఆల్బమ్‌లో ఉందో, అది సుబేదారిలో ఒక ఆకుకూరల గంప దగ్గర చేతులు మారిందని ఆ ఆల్బమ్ సొంతదారుకి తెలియదు.

ఆ తర్వాత నేను రెండు నియమాలు పెట్టుకున్నా. ఇంట్లో నాణెం అమ్మే పెద్దవాళ్లు ఎదురైతే, మార్కెట్‌లో అది ఎంతకి పోతుందో ముందు చెప్పి, ఆ తర్వాతే బేరం. రెండోది, కొన్న ప్రతి నాణెం కవర్ మీద ఏ ఊరు, ఏ ఇంటి పెట్టె, ఎవరి అత్త ఎవరికి ఇచ్చింది, అన్నీ రాసి పెట్టడం. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించడం నేరం. ఇది కూడా గుర్తుంచుకోండి, ఎవరో విదేశీ కొనుగోలుదారు అని మెసేజ్ పెడితే పొంగిపోకండి.

మీ ఇంట్లో కూడా ఒక డబ్బా ఉంటుంది. పాత పది పైసలు, ఇరవై పైసలు, ఎక్కడో ఒక చార్మినార్. ఈ ఆదివారం దాన్ని తెరవండి. గుమ్మంలో అక్షరం 'మీమ్' అయినా 'ఐన్' అయినా, ముందు నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎవరిచ్చారో అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ధర ఎప్పుడైనా తెలుసుకోవచ్చు. ఆ మాట చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉండరు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.